ప్రాణం లేని ఊదా రంగు

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా ఒకే మాట అడిగేది.

"ఉన్నాయా, పోయేయా?"

అడిగేది నా కణాల గురించి. దుర్గ్ వైపు ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో మనిషి కణాలు పెంచడం నా పని. ఎప్పుడో, ఏ దేశంలోనో ఒక మనిషి కాలేయం నుంచి తీసిన కణాలు అవి. ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు గానీ కణాలు మాత్రం ఇంకా ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ బతుకుతూనే ఉన్నాయి. వాటికి మన ఒంటి వేడి ఉండే పెట్టె కావాలి. గులాబీ రంగు నీళ్ళలాంటి తిండి కావాలి. ఆ నీళ్ళు పసుపుకి తిరిగితే మార్చే వేళయిందని అర్థం. ఆదివారమైనా పండగైనా వెళ్ళి మార్చాల్సిందే. ఎవరైనా ఒక మందో, క్రీమో, రంగో తెస్తే దాన్ని ఆ కణాల మీద వేసి, మర్నాడు ఎన్ని బతికాయో చూస్తాం. మనిషి నోట్లో వేసేముందు మనిషి కణం మీద వేసి చూడటమే నా ఉద్యోగం.

ఉక్కు ప్లాంటు చుట్టూ పెరిగిన ఈ హిందీ ఊళ్ళో మా పేట క్యాంప్ 1. మా వీధిలో వాళ్ళకి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. ఎదురింటావిడ నేను చేపపిల్లలు పెంచుతున్నాననుకుని, ఎంత పెద్దవయ్యాయి దీదీ అని అడిగేది. అమ్మ మాత్రం ఒక్కసారి చెప్పించుకుంది. "అంటే విషాన్ని ముందు వాటి నెత్తిన పోస్తారు. అవి చస్తే మనం తప్పుకుంటాం. పాపం కదే" అంది. ఆ రోజు నుంచీ అడగడం మొదలుపెట్టింది. కరెంటు పోయిన రోజున నాకంటే ఎక్కువ కంగారు పడేది. "పిల్లలకి చలేసిందేటో చూసి రా" అని నన్ను తరిమేది.

మా నాన్న ప్లాంటులో పనిచేస్తూ చేస్తూ గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి అమ్మ జంతికలు, చెగోడీలు, అరిసెలు చేసి ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళకి మోసుకెళ్ళి అమ్మింది. నేల మీద కూర్చుని పిండి కలిపీ కలిపీ, ఎండలో తిరిగీ తిరిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పవర్ హౌస్ మార్కెట్టులో నడిచేటప్పుడు నాలుగు కొట్లకోసారి ఆగి, ఏదో బేరమాడుతున్నట్టు నటించేది. కాళ్ళు నొప్పని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ.

ఇక మావయ్య. అమ్మకి ఒక్కడే తమ్ముడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి మా నాన్నే తీసుకొచ్చి ప్లాంటులో చేర్పించాడు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి, రిటైరై, ఇక్కడే మరోదాలో స్థిరపడ్డాడు. ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అమ్మకి పుట్టిల్లంటే మరోదాయే. మా వైపు ఆడవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. పుట్టింటి నుంచి చిటికెడు ఉప్పు వచ్చినా వద్దనకూడదు, పారెయ్యకూడదు. పారేస్తే తమ్ముడికి కీడట. మా వంటింటి అటక మీద ఎప్పటివో బూజు పట్టిన వడియాలు, పురుగు పట్టిన కందిపప్పు డబ్బాల్లో ఉండేవి. ఇదెందుకే అమ్మా అంటే, "తమ్ముడు తెచ్చేడు" అనేది. ఆ వడియాల మీద నేను వేసిన హాస్యాలకి లెక్క లేదు.

రిటైరైన మగవాళ్ళకి మా ఊళ్ళో రెండే దార్లు. గుడి కమిటీ, లేకపోతే వైద్యం. మావయ్యకి గుడి కమిటీలో చోటు దొరకలేదు. శొంఠి, మెంతులు, ఆదివారం సంతలో అడవి నుంచి తెచ్చి అమ్మే ఒక ఎర్రటి వేరు, ఇవన్నీ ఎండబెట్టి దంచి, మోకాళ్ళ నొప్పులకి పొడి చేశాడు. ముందు తను తిన్నాడు. తరవాత అప్పకి తెచ్చిచ్చాడు. మా అమ్మని ఆయన అప్పా అనే పిలిచేవాడు.

ఉన్నమాట చెప్పాలి. ఆ పొడి పనిచేసింది. ఒక రోజు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పీట లేకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని పిండి కలుపుతోంది. నన్ను చూసి గర్వంగా నవ్వి, చేతులు నేలకి ఆనించకుండా లేచి చూపించింది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ పొడి మీద నాకు అప్పుడు కోపం లేదు సరికదా, మావయ్య చెయ్యి కళ్ళకద్దుకోవాలనిపించింది.

పవర్ హౌస్‌లో ఒక కొట్టువాడు, "భయ్యా, టెస్టు చేయించుకు రా, నా కొట్లో పెట్టి అమ్ముతాను" అన్నాడట. టెస్టంటే మావయ్యకి గుర్తొచ్చింది నేనే. పొడి సీసాలో పోసుకుని సరాసరి మా ల్యాబుకొచ్చాడు. మా ల్యాబులో బయటివాళ్ళ సరుకు కూడా చూస్తారు. మా సర్ ఒప్పుకున్నాడు.

పరీక్ష ఇలా ఉంటుంది. ఇడ్లీ రేకులా చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం తీసుకుని, ప్రతి గుంటలో కణాలు పెంచుతాం. వాటి మీద మందు నీళ్ళు వేసి ఒక రోజు ఉంచుతాం. తరవాత పసుపు రంగు ద్రావకం ఒకటి వేస్తాం. బతికున్న కణం దాన్ని తిని ఊదా రంగుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. ఎంత ఊదా ఉంటే అంత ప్రాణం ఉన్నట్టు. ఆ రంగుని మెషీన్‌లో పెడితే అంకె వస్తుంది. మావయ్య పొడి వేసిన గుంటలు ముదురు ఊదా రంగుకి తిరిగాయి. మెషీన్ మంచి అంకె ఇచ్చింది. సర్ రిపోర్టు రాసి సంతకం పెట్టేశాడు. మావయ్య పేడాలు తెచ్చి ల్యాబంతా పంచాడు.

రంగు వెయ్యని పళ్ళెం ఒకటి పెట్టెలో మిగిలిపోయింది. పారేసే ముందు అలవాటుకొద్దీ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. బతికిన కాలేయ కణాలు పెనం మీద దోసెలా అడుగుకి అంటుకుని పరుచుకుంటాయి. చచ్చినవి ఉండ చుట్టుకుని, పట్టు వదిలేసి, నీళ్ళలో తేలుతాయి. మావయ్య పొడి వేసిన గుంటల్లో అన్నీ ఉండలే. అంటుకున్నది ఒక్కటి కనబడితే ఒట్టు. మరి ఆ ఊదా రంగు ఎక్కణ్ణించి వచ్చింది?

వెంటనే కణాలు లేని కొత్త పళ్ళెం తీసుకున్నాను. ఉత్త పొడి నీళ్ళలో ఆ పసుపు ద్రావకం వేశాను. కాసేపటికి చూద్దును కదా, ఊదా రంగు. బతికిన ప్రాణి ఒక్కటీ లేని చోట, ఆ పొడిలో ఉన్నదేదో తనంతట తానే పసుపుని ఊదా చేసేస్తోంది. అంటే మెషీన్ కొలిచింది ప్రాణాన్ని కాదు, మావయ్య పొడిని.

పరుగెత్తుకుని సర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు పళ్ళేలూ చూశాడు. చూడలేదనను. చూసి, "మెషీన్ ఝూట్ బోల్తీ హై క్యా?" అన్నాడు. మెషీన్ అబద్ధం చెప్పలేదు సర్, మనం అడిగిన ప్రశ్నే తప్పు అన్నాను. ఇంకో పద్ధతిలో మళ్ళీ చేద్దాం, ముందు ఆ రిపోర్టు వెనక్కి తెప్పించండి అన్నాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటే ల్యాబు పరువేం కావాలన్నాడు. పైగా రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో ‘ఈ పరీక్షా పరిస్థితుల్లో మాత్రమే’ అని రాశాం కదా, అది చాలన్నాడు. ఆ చిన్నక్షరాలు ఎవరు చదువుతారు సర్ అంటే, చదవకపోవడం వాళ్ళ తప్పన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. చెవుడు కూడా కాదు. వినబడింది, అక్కర్లేదంతే.

సరే, సర్ పోతే పోయాడు, మావయ్య మనవాడు కదా అనుకున్నాను. మర్నాడు ఆయన్ని ల్యాబుకి పిలిచి, ఆ కణాలు లేని పళ్ళెం చేతికిచ్చాను.

"మావయ్యా, ఇందులో కణాలు లేవు. ఒక్కటి కూడా వెయ్యలేదు. నీ పొడి, ఈ పసుపు నీళ్ళు, అంతే."

మావయ్య కళ్ళజోడు పైకి తోసి, వెలుగులో పెట్టి తిప్పి చూశాడు.

"అంటే ఇందులో ప్రాణమేటీ లేదంటావు."

"లేదు."

"అయినా రంగొచ్చింది."

"నీ పొడి వల్ల వచ్చింది. కణాల వల్ల కాదు."

ఆయన మొహం వెలిగిపోయింది. "చూసేవా తల్లీ. అయితే ప్రాణం మందులోనే ఉన్నాదన్నమాట."

కాదు మావయ్యా, కణాలు చచ్చిపోయాయి అని మొత్తుకున్నాను. ఆయన వినే స్థితిలో లేడు. ప్రాణం లేని చోట ప్రాణం పుట్టించే పొడి అని పవర్ హౌస్ దాకా చెప్పుకుంటూ వెళ్ళాడు. కొద్దిరోజులకి కొట్లో డబ్బాలు వెలిశాయి. వాటి మీద హిందీలో ఇంతేసి అక్షరాలు, ‘మానవ కణాలపై పరీక్షించబడినది’ అని. చిన్నక్షరాలు డబ్బా మీదికి రాలేదు. మా వీధిలో వాళ్ళు నన్ను చూసి, మన పిల్ల టెస్టు చేసిందే గదా అని ఒకరితో ఒకరు చెప్పుకుని మరీ కొన్నారు. వద్దు, తినకండి అని నేను ఇంటింటికీ చెప్తే, మావయ్య బాగుపడుతుంటే ఈ పిల్లకి కడుపుమంట అన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. డబ్బా అమ్ముకోడానికి మాత్రం నేను పనికొచ్చాను.

మావయ్యకి పళ్ళెం చూపించిన రాత్రే అమ్మతో గొడవ పడ్డాను.

"వాడు నా తమ్ముడే. నన్ను చంపుకుంటాడేటి?"

"మావయ్య చంపుతాడని నేనన్నానా? పొడి మంచిది కాదంటున్నాను."

"వాడూ తింటన్నాడు గదా. గుండ్రాయిలా ఉన్నాడు."

"అందరి కాలేయం ఒకలా ఉండదమ్మా."

"మరి నీ దగ్గరున్నది నా కాలేయమేటి? ఎవలిదో."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. గిన్నెలో చచ్చినవన్నీ ఒంట్లో చావవు. ఉప్పు ఎక్కువైనా గిన్నెలో కణాలు చస్తాయి. అందుకే చచ్చినప్పుడు ఇంకో పద్ధతిలో మళ్ళీ చూడాలి, సంగతి తేలేదాకా మనిషి నోట్లో వెయ్యకూడదు. అనుమానం వచ్చినప్పుడు ఆగడం ఒక్కటే మా పనిలో ఉన్న నీతి. ఇదంతా అమ్మకి చెప్పి, అరిచి, ఆఖరికి నేనే పొడి డబ్బా తీసి కాలవలో పారబోశాను. అమ్మ అడ్డం రాలేదు. "సరేలే, మానేస్తాను" అంది. ఆ పూట అన్నం తినలేదు.

తరవాత కూడా ఆవిడ చులాగ్గా లేచి తిరుగుతూనే ఉంది. ఏమిటమ్మా అంటే, "మెంతులు నానబెట్టుకు తింటన్నాను" అంది. నేను నమ్మాను. అమ్మ నాతో అబద్ధమాడుతుందని నాకెలా తెలుస్తుంది?

వానలు మొదలయ్యాక అమ్మకి అన్నం వాసన పడకుండా పోయింది. ఒళ్ళంతా దురద. ఒక రోజు పొద్దున్న వాకిట్లో వెలుగులో చూస్తే కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఎదురింటావిడ పసరు పోయించమంది. నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అమ్మని హిందీలో అడిగాడు, ఏమైనా మందులు వాడుతున్నావా అని. "కుచ్ నహీ" అంది అమ్మ. నన్నడిగాడు, నాటు మందులేమైనా అని. ఇదివరకు వాడేది, మానేసింది అన్నాను. రక్తం తీశారు. కామెర్లు తెచ్చే రోగాలు ఒక్కొక్కటీ చూశారు. ఏదీ కాదు. కాలేయం మాత్రం రోజు రోజుకీ పాడవుతోంది.

అమ్మ విభూది అడిగింది. ఇంటికెళ్ళి దేవుడి గూట్లో విభూది డబ్బా తీసి మూత తెరిచాను. అందులో ఉన్నది విభూది కాదు. ఎర్రటి పొడి, సగం అయిపోయి ఉంది.

ఆ డబ్బా పట్టుకుని ఆసుపత్రికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. ముందు డాక్టరుకి చూపించాను. తరవాత అమ్మ మంచం మీద పెట్టాను.

"డాక్టరు అడిగితే ఏ మందూ లేదన్నావెందుకమ్మా?"

అమ్మ ఆ డబ్బా వైపు చూసి, పసుపు కళ్ళు మూసుకుంది. "మందు కాదే అది. తమ్ముడిచ్చింది."

"నీకు చెప్పాను కదా. అన్నీ చచ్చిపోయాయని చెప్పాను కదా."

"నువ్వు పారబోసేవు. వాడు పాపం మళ్ళీ తెచ్చేడు. పుట్టింటిది రెండోసారి పారబోస్తామేటి." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "డబ్బా మీద రాసున్నాది గదా, కణాల మీద చూసేరని. చూసింది నువ్వే గదా. ఇంకెవలో చూసుంటే నేను తినకపోదును."

ఇంతవరకూ నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఆవిడ తిట్టలేదు. నా మీద నమ్మకంతో తిన్నానని చెప్పింది. నా నోటి మాట కంటే, నా పేరు మీద ఎవడో అచ్చేసిన మాట ఆవిడకి గట్టిగా కనబడింది. తిట్టినా బాగుండేది.

అమ్మ బతకలేదు. ఆ పొడి వల్లే కావచ్చు, కచ్చితంగా చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆయన్ని నేను తప్పుపట్టను. నేనైనా అలాగే రాస్తాను.

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పాలి. మావయ్య తెచ్చాడు. అప్పా అప్పా అని పిలుస్తూ తన చేత్తోనే కప్పాడు. ఆయన ఏడుపు దొంగ ఏడుపు కాదు. అయినా ఆ చీర కప్పుతున్న చేతుల్ని చూస్తుంటే నాకు వాటిని విరిచెయ్యాలనిపించింది. పెద్దకర్మ అయ్యేదాకా ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం ల్యాబుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. చేతిలో ఒక డబ్బా.

"ఇంకోసారి చూడమ్మా. రంగుతో కాదు, నువ్వప్పుడు చెప్పేవే, ఇంకో రకంగా. నా కళ్ళతో నేను చూస్తాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికొచ్చాడు. ఫో అందామనుకున్నాను. అనలేదు. మా సర్ ఊళ్ళో లేడు. కణాలు వేశాను, పొడి వేశాను, రేపు రమ్మన్నాను.

మర్నాడు తలుపు తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కణాల్లో నీలం మందు చుక్క వేశాను. బతికున్న కణం ఆ నీలాన్ని లోపలికి రానివ్వదు, గుమ్మంలోనే ఆపేస్తుంది. చచ్చినదానికి ఆపే శక్తి ఉండదు కాబట్టి నీలం నిండిపోతుంది. ఇది చెప్పి మావయ్యని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఫర్నేస్‌లోకి నీలం అద్దంలోంచి చూసిన మనిషి కదా, ఎవరూ చెప్పకుండానే కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూసి, కదలకుండా చూశాడు.

ముందు పొడి వెయ్యని కణాలు చూపించాను. అద్దపు ముక్కల్లా తెల్లగా మెరుస్తున్నాయి. "ఇవి బతికున్నవి" అన్నాను. తరవాత పొడి వేసినవి పెట్టాను.

చాలాసేపు చూశాడు.

"నీలంగా లేనిది ఒక్కటీ లేదేటి?"

కణాలున్న అద్దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జరిపి చూపించాను. ఎక్కడ చూసినా నీలమే.

"పోయేయా?" అన్నాడు.

అచ్చం అమ్మ గొంతు. ఒక కడుపున పుట్టినవాళ్ళు కదా. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, కసి తీరా చెప్పాను. ఇది చూడటానికే మావయ్యా ఈ కణాలున్నది. ఎవరిదో కాలేయం, ఎవరికీ ఏమీ కానిది, అది చస్తే మనుషులు ఆగుతారని పెంచుతున్నాం. ఇవి చచ్చినప్పుడు నువ్వు నమ్మలేదు. అమ్మ మీద పరీక్ష చేసుకుని, ఇప్పుడు నమ్మడానికొచ్చావు.

మావయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు, పెట్టుకోలేదు. డబ్బా నా బల్ల మీదే వదిలేసి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నేనూ తిన్నాను గదమ్మా. అప్ప కంటే ముందు నుంచీ తిన్నాను. నాకేటీ అవలేదేటి?"

అది సంజాయిషీయో ఏడుపో నాకు అర్థం కాలేదు. ఆయన నా వైపే చూస్తూ నిలబడ్డాడు, నేను చెప్తానని, నాకు తెలుసునని. నాకు తెలియదు. పెట్టెలో మిగతా కణాల నీళ్ళు పసుపుకి తిరుగుతున్నాయి. లేచి వాటి తిండి మార్చడం మొదలుపెట్టాను.